సంతకం పెట్టినాయన కూతురు

ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక సంచీ, అందులో దూరవిద్య వాళ్లు పంపిన లావుపాటి పుస్తకం, పుస్తకం మీద డజను సీతాఫలాలు ఉన్నాయి. పళ్లు అడుగున పెడితే చితికిపోతాయని పుస్తకాన్నే అడుగున పెట్టిందట. అట్ట మీద రెండు చోట్ల గుజ్జు మరకలు పడ్డాయి. వాటిని కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడి తనెవరో చెప్పింది.

కొయ్యూరు అవతల, కొండల్లో ఉన్న ఆశ్రమ పాఠశాలలో ఆమె టీచరు. అక్కడి గిరిజనుల పిల్లే. నలభై దాటాక ఎం.ఏ. చరిత్రకి కట్టింది. పాసైతే ప్రమోషన్ వచ్చే వీలుంది. నేను నర్సీపట్నం డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైన మనిషినని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

"మిగతా పేపర్లన్నీ ఎలగోలా సదివేస్తాను మేడమ్. ఈ అమెరికా ఒక్కటే కొరుకుడు పడట్లేదండి. ఊళ్ల పేర్లు తెలీవు, నదుల పేర్లు తెలీవు. ఎవరు ఎవరితో ఎందుకు కొట్టుకుంటన్నారో తెలీదు" అంది.

రిటైరయ్యాక నన్ను అమెరికా చరిత్ర అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఆదివారం రమ్మన్నాను.

అలా ఆ ఏడాది ప్రతి ఆదివారం ఆమె పొద్దున్నే కొండ దిగి, బస్సు పట్టుకుని వచ్చేది. జిల్లాలు మారాక కొయ్యూరు ఒక జిల్లాలోకి, నర్సీపట్నం మరో జిల్లాలోకి పోయాయి కానీ బస్సు అదే, గతుకులూ అవే. పది గంటలకు వచ్చి మధ్యాహ్నం రెండున్నర బస్సుకు వెళ్లిపోయేది. భోజనం నాతోనే. మొదట్లో టిఫిన్ డబ్బా తెచ్చుకునేది. మూడో వారం నుంచి మానిపించాను.

మంచి విద్యార్థి. అంటే చెప్పింది చెప్పినట్టు రాసుకునే రకం కాదు. లూసియానా అనే పెద్ద ప్రాంతాన్ని ఫ్రాన్సు దగ్గర అమెరికా కొన్న పాఠం చెబుతుంటే కలం ఆపి, "ఉండండి మేడమ్. అమ్మినాయన ఆ నేలని సూడలేదు. కొన్నాయనా సూడలేదు. మద్దెలో కాపరం ఉన్నోళ్లని అడగలేదు. మరి రిజిస్ట్రేషన్ ఎలగయ్యిందండీ?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ముప్ఫై ఏళ్లలో ఏ కుర్రాడూ ఆ ప్రశ్న వేయలేదు.

గోడకు పాత పటం ఒకటి తగిలించి, పడమటి దిక్కుగా ఆ దేశం ఎలా పెరుగుతూ పోయిందో చూపించేదాన్ని. కొత్త నేల కలిసిన ప్రతిసారీ అక్కడ బానిసలుండొచ్చా ఉండకూడదా అని ఉత్తరాది వాళ్లకూ దక్షిణాది వాళ్లకూ తగువు. మిస్సోరీ దగ్గర ఒక గీత గీసి రాజీ పడ్డారు. టెక్సాస్ కలిసింది. మెక్సికో మీద యుద్ధం చేసి సముద్రం దాకా వెళ్లారు. ప్రతి గెలుపూ ఇంట్లో కొత్త పోట్లాట తెచ్చింది. చివరికి కాన్సాస్‌లో ఓటు వేయడానికి వచ్చినవాళ్లు కత్తులూ తుపాకులూ పట్టుకుని ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. ఇదంతా ఆమె చకచకా పట్టేసింది. "నేల దొరికితే సుకపడతారనుకున్నారు, తగువు దొరికిందన్నమాట" అని తన మాటల్లో రాసుకుంది. నేను కొట్టేయలేదు.

సంక్రాంతి సెలవులు అయ్యాక చెరోకీల పాఠం మొదలుపెట్టాను. ఆగ్నేయంలో తరతరాలుగా ఉన్న జాతి అది. పొలాలు దున్నుకుని, తమ భాషకు లిపి చేసుకుని, సొంత పత్రిక నడుపుకున్నవాళ్లు. వాళ్లను మిసిసిపీ నది అవతలకు పంపేయాలని అమెరికా చట్టం చేసింది. వెళ్లడానికి వాళ్లు ఒప్పుకోలేదు. కోర్టుకెళ్లి గెలిచారు కూడా. ఆ తీర్పును ఎవరూ అమలు చేయలేదు. చివరికి జాతిలో ఒక చిన్న వర్గం, పెద్దనాయకుడికీ జాతి సభకూ ఇష్టం లేకుండా, నేల వదిలేస్తామని ఒప్పందం మీద సంతకాలు పెట్టింది. ఆ కాగితాన్ని అడ్డం పెట్టుకుని సైన్యం అందరినీ ఇళ్లలోంచి లాగి పడమటికి నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు.

దీనికి నా దగ్గర పాత నోట్సు ఉంది. ఏటా కాలేజీలో చదివి రాయించిందే. అదే చదివాను. "జాతిలోని కొద్దిమంది స్వార్థపరులు, మెజారిటీ ప్రజల అభీష్టానికి విరుద్ధంగా ఒప్పందంపై సంతకాలు చేసి తమ జాతికి ద్రోహం చేశారు."

ఆమె రాయడం ఆపేసింది.

"రాశావా?" అన్నాను.

"రాస్తానండి" అంది కానీ కలం కదపలేదు. కాసేపటికి గడియారం చూసి, బస్సు వేళయ్యిందని లేచింది. బస్సుకు ఇంకా గంటకు పైన ఉంది. అన్నం తినమన్నా ఆగలేదు.

తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే బడిలో తనిఖీ అంది, రెండోసారి జలుబంది. నా పాఠంలో ఏదో తేడా వచ్చిందని నాకు తోచింది. గిరిజనుల నేల గురించి ఆ ఇంటి ఆడపిల్లకే చెబుతున్నానన్న గమనిక లేకుండా చెప్పానేమో, ఆ మరణాల మాట గబగబా చదివేశానేమో అనుకున్నాను. అసలు సంగతి నా ఊహకు కూడా అందలేదు.

మూడో ఆదివారం వచ్చింది. కూర్చుని, పుస్తకం తెరవకుండానే అంది.

"ఆ లైను రాయలేనండి మేడమ్."

"ఏ లైను?"

"సంతకాలు పెట్టినోళ్లు సార్తపరులు అన్నది. మా నాన్న సంతకం పెట్టినాయనండి."

ఆ రోజు పాఠం సాగలేదు. ఆమె చెప్పింది, నేను విన్నాను.

వాళ్ల పాత ఊరు ఒక గెడ్డ ఒడ్డున ఉండేదట. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. ఆమె చాలా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ గెడ్డకు అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలబెట్టాలని అధికారులు వచ్చారు. ఊరు మునుగుతుంది. ఒప్పుకుని సంతకాలు పెడితే కింద మైదానం అంచున వేరే భూమి ఇస్తామన్నారు. ఊరంతా బడి అరుగు మీద కూర్చుని, ఎవరూ సంతకం పెట్టకూడదని తీర్మానించుకుంది. ఆ మాట ముందు అన్నవాడు ఆమె పెదనాన్న, అంటే నాన్నకు సొంత అన్న. ఊళ్లో అక్షరాలు వచ్చినవాడు మాత్రం ఆమె నాన్న ఒక్కడే. అయిదో తరగతి చదివాడు. మిగతా అందరిదీ వేలిముద్రే.

నాలుగు నెలల తరువాత ఆ నాన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన వెనక ఆరు ఇళ్లవాళ్లు వేలిముద్రలు వేశారు. ఊరంతా ఒప్పుకున్నట్టే ఆ కాగితం చూపించి పని మొదలుపెట్టారు.

సంతకం పెట్టిన ఏడు ఇళ్లకూ కింద భూమి దొరికింది. మిగతావాళ్లు కదలమని కూర్చున్నారు. రెండు వానాకాలాలు గడిచాక నీళ్లు గుమ్మాల దాకా వస్తే, సామాన్లు నెత్తిన పెట్టుకుని వానలో పైకి ఎక్కారు. వాళ్లకు రాళ్ల కొండవాలు తప్ప ఏమీ మిగల్లేదు. నాన్నమ్మ చిన్నకొడుకుతో కిందికి రానని పెద్దకొడుకుతోనే పైకి వెళ్లింది. పైన రేకుల పాకలో, ఆ వానల్లోనే జ్వరం వచ్చి పోయింది. కబురు తెలిసి నాన్న పరుగున వెళితే, పాడె మొయ్యనివ్వడానికి అన్న ఒప్పుకోలేదట.

"నీకు అమ్మ నేదు, పో అన్నాడంటండి మా పెదనాన్న. అప్పట్నుంచీ మాటల్లేవు. పండగలకి పిలుపుల్లేవు. బళ్లో పై ఊరి పిల్లలు నన్ను సంతకపోడి కూతురు అనీవోరు. నాకు పేరుందని వాళ్లకి తెలీదేమో అనుకునీదాన్ని." ఆమె ఏడవలేదు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "ఆ నాన్నే నాకు అక్షరాలు నేర్పినాడు మేడమ్. ఆ సంతకం పెట్టిన సేత్తోనే."

"ఎందుకు పెట్టాడో ఎప్పుడైనా అడిగావా?"

"ఎలగ అడుగుతామండీ?"

లోపలికి వెళ్లి బీరువాలోంచి, నోట్సు తయారుచేసుకోవడానికి ఒకప్పుడు చదివిన పెద్ద పుస్తకం తీశాను. నేను వదిలేసిన పేజీలు అందులో ఉన్నాయి. పది మార్కుల ప్రశ్నకు అవసరం లేదని వదిలేశాను. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో ముఖ్యులు చదువుకున్నవాళ్లు. రాజధానికి వెళ్లి వచ్చినవాళ్లు. కోర్టులో గెలిచినా ఆ తీర్పుకు దిక్కు లేదని కళ్లారా చూసినవాళ్లు. ఎలాగూ పోయే నేలకు బదులు ఏదో ఒకటి దక్కించుకుందామని, జనం బతికుంటే చాలని అనుకున్నవాళ్లు. నేలను పరులకు ఇచ్చేసినవాడికి మరణమే శిక్ష అనే చట్టం జాతిలో ఉందని తెలిసి మరీ సంతకం పెట్టారు. ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. వాళ్లు చేసింది ఒప్పని నేను అనలేదు. జాతి మొత్తం తరఫున సంతకం పెట్టే హక్కు వాళ్లకు లేదన్నది నిజమే. వేలమంది ఆ ఒప్పందం వద్దని అర్జీ పెట్టుకున్నదీ నిజమే. కానీ స్వార్థపరులు అన్న మాట నేను ఎక్కడ తెచ్చానో ఎంత వెతికినా కనపడలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే పెట్టి ఉంటాను.

"ఆయన్ని అడుగు" అన్నాను, ఆమె లేస్తుంటే. "పరీక్ష కోసం కాదు."

అడిగింది. ఆ పై వారం వచ్చి చెప్పింది. సంతకానికి ముందు నాన్న ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి, అలాంటి కట్ట కట్టిన మరో చోటు చూడ్డానికి వెళ్లాడట. ఒప్పుకోని జనం అక్కడ రోడ్డు పక్కన గోనెపట్టాల కింద కూర్చుని ఉన్నారట. వాళ్లతో ఒక పూట ఉండి, వచ్చి ఊళ్లో చెప్పాడు. అధికారులే జీపులో తిప్పి చూపించారని, తాగించారని అన్నారు తప్ప ఎవరూ నమ్మలేదు.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు నాన్నా అంటే, నువ్వు అడగనేదు కదే అన్నాడండి" అని నవ్వబోయి ఆగిపోయింది.

మార్చిలో ఆ నాన్నను నేను చూశాను. కంటికి శుక్లం ఆపరేషన్ కోసం ఆసుపత్రికి తెచ్చి, కట్టు విప్పించాక కూతురు ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చింది. సన్నటి మనిషి. తెల్లటి పంచె, కొత్త నల్లకళ్లద్దాలు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మా గోడ మీద పటం వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మగారూ, మా పిల్ల సెప్పింది. అక్కడ కూడా నాలాటోళ్లు ఉన్నారటగదా" అన్నాడు.

"ఉన్నారండీ. చాలా కాలం కిందట."

"తరవాత ఆళ్లకేటయ్యింది?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. ఆ తరువాతి సంగతి ఉన్న పేజీ ఆమె చదివిందని నాకు తెలుసు. నాన్నకు చెప్పలేదని ఇప్పుడే తెలిసింది. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. తరగతిలో అయితే బెల్లు కొట్టేసేవాళ్లు. కానీ ఆయన రెండు బస్సులు మారి నిజం చూసి వచ్చిన మనిషి. ఆయనకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"వాళ్లూ పడమటికే వెళ్లారండీ. వెనక నడిచి వచ్చినవాళ్లు అంతమందిని పోగొట్టుకుని వచ్చారు కదా. ఆ కోపంతో, సంతకం పెట్టిన ముఖ్యుల్ని సొంత మనుషులే చంపేశారు. ఒకే రోజు, ముగ్గుర్ని."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. వీధిలో ఎవరో కొబ్బరిబొండాలని అరుస్తూ పోతున్నారు.

"మా అన్న నన్నేటీ సెయ్యనేదమ్మా" అన్నాడు. "కర్ర కూడా ఎత్తనేదు. మాటాడ్డం మానీసినాడు, అంతే. ఆడికి సేతకాక కాదు. మంచోడు."

కూతురు మొహం తిప్పుకుంది. ఆయన తన మాట తనే వింటున్నట్టు మరోసారి, "మంచోడే" అన్నాడు.

మేలో పరీక్షలు. విస్తరణ, రాజకీయ సంఘర్షణల మీద రావలసిన ప్రశ్నలన్నీ వచ్చాయి. పరీక్ష రాసి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "పాడు సేసుకున్నానండి మేడమ్" అంది. చెరోకీల ప్రశ్న మొదలుపెట్టి ఆపలేకపోయిందట. అదనపు కాగితాలు మూడు సార్లు తీసుకుంది. మిస్సోరీ గీతకు పావుగంట, కాన్సాస్‌కు అయిదు నిమిషాలు మిగిలాయి.

"ఇద్దరిదీ రాసినానండి. పెట్టినోళ్లదీ, పెట్టనోళ్లదీ. పది మార్కుల్లో ఎలగ సరిపోద్దండీ అది?"

తిట్టాలనుకుని తిట్టలేకపోయాను. ఫలితాలొస్తే పాసైంది. ఆ ఒక్క పేపర్లో మాత్రం అత్తెసరు మార్కులు. నేను నా నోట్సులో ఆ వాక్యం కొట్టేసి, ఒక పేజీ కొత్తగా రాసి, కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో ఇచ్చాను. పాతదే పిల్లలు అడుగుతున్నారని షాపతను చెప్పాడు. చిన్నగా ఉంటుందట.

ఆమె పాసైన కబురు చెప్పడానికి వచ్చినప్పుడు, నాన్న పెదనాన్నను చూడ్డానికి వెళతానంటున్నాడని, నన్నూ రమ్మంటున్నాడని చెప్పింది. "మీరుంటే పెదనాన్న గట్టిగా అరవడని కాబోలండి" అంది. నేను చెరుకు పండించే కోటవురట్ల రైతుల ఇంట్లో పుట్టాను. మా వాళ్లలో అన్నదమ్ముల తగువుల్లో పరాయివాళ్లు వేలు పెట్టరు. అయినా వెళ్లాను.

కొయ్యూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని, ఆటో వెళ్లలేని చోట దిగి నడిచాం. పెద్దాయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాడు. తమ్ముడి కంటే బలమైన మనిషి. మమ్మల్ని చూశాడు. చేతులు ఆగాయి. మళ్లీ పిక్కలు తీయడం మొదలుపెట్టాడు. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా నాకో పీట వేసి, అందరికీ రాగిపిండితో కాచిన చోడి అంబలి తెచ్చింది. తమ్ముడు మంచానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మెల్లగా ఒక చింతపండు తీసుకుని తనూ పిక్క తీశాడు. చాలాసేపు ఇద్దరూ అదే పని చేశారు.

"కన్ను కనిపిస్తందా?" అన్నాడు అన్న, తలెత్తకుండా. ఆపరేషన్ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో.

"ఒకటి కనిపిస్తంది. రెండోది ఇంకా."

"బేగి కోయించుకో. ఆలీసం సెయ్యకు."

అంతే. కాగితం మాట రాలేదు. క్షమించమని తమ్ముడు అడగలేదు, క్షమించానని అన్న చెప్పలేదు. అంబలి తాగాక పెద్దాయన లేచి, కర్ర అందుకుని, "అమ్మకాడికి ఎల్దామా?" అన్నాడు. ఇంటి వెనక వాలు మీద వాళ్లమ్మకు రాయి నిలబెట్టిన చోటు ఉంది. కూతురు లేవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది. ఇద్దరు ముసలివాళ్లూ పైకి వెళ్లారు. ముందు కర్రతో అన్న, వెనక నల్లకళ్లద్దాలతో తమ్ముడు. ఒక చోట తమ్ముడికి అడుగు తడబడితే అన్న ఆగి, కర్ర రెండో కొస ఆయన చేతికి అందించాడు. మేము ముగ్గురం మిగిలిన చింతపండు పని పూర్తి చేశాం. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఎండ చల్లబడింది. ఏం మాట్లాడుకున్నారో, మాట్లాడుకున్నారో లేదో కూడా, నాకు తెలియదు. కూతురికీ చెప్పలేదట.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఘాట్ దిగాక నా వైపు తిరిగి అడిగాడు.

"అమ్మగారూ, ఆ పడమటికెళ్లినోళ్లు ఇంకా ఉన్నారా? పోనారా?"

"ఉన్నారండీ. వాళ్లకో ప్రభుత్వం ఉంది. బళ్లున్నాయి. పిల్లలకు వాళ్ల భాష నేర్పుతున్నారు."

"పెట్టినోళ్ల పిల్లలూ, పెట్టనోళ్ల పిల్లలూ?"

"చాలా ఏళ్లు కొట్టుకున్నారు. తరువాత కలిశారు. ఇప్పుడు అందరూ ఒక జాతే."

ఆయన తల ఊపాడు. కూతురు వాటర్ బాటిల్ మూత తీసి ఇస్తే రెండు గుక్కలు తాగి, వచ్చే వారం అన్నకు ఒక దుప్పటి పంపించాలని, పైన చలి ఎక్కువని ఆమెతో చెప్పాడు.